పాల ప్యాకెట్ నుంచి పగిలిన బకెట్ దాకా: ఇంట్లో ప్లాస్టిక్ చెత్తను వేరు చేసి అమ్మడం ఎలా?

మా బాల్కనీలో బట్టల తీగ మీద పాల ప్యాకెట్లు ఆరుతుంటే పక్క ఫ్లాట్ల వాళ్లు మొదట్లో నవ్వేవాళ్లు. ఇప్పుడు లిఫ్ట్ దగ్గర ఆపి అడుగుతున్నారు. "ఇవి ఎవరు తీసుకుంటారండీ?", "చిప్స్ ప్యాకెట్లు కూడా కడగాలా?", "అన్నీ కలిపి నీలం డబ్బాలో వేసేస్తే వాళ్లే చూసుకోరా?" అవే మూడు ప్రశ్నలు, అదే నా సమాధానం. లిఫ్ట్ తలుపు మూసుకుపోయేలోగా చెప్పడం కుదరట్లేదు కాబట్టి రాస్తున్నాను.

నేను మొదటిసారి ఎలా చెడగొట్టానో ముందు చెబుతాను, మీకు ఆ తిప్పలు తప్పుతాయి. ఒక నెలంతా ఇంట్లో ప్లాస్టిక్ ఏదీ పారేయకుండా ఒక గోనె సంచిలో నింపాను. గొప్ప పని చేశానన్న ధీమాతో దాన్ని వీధి చివర స్క్రాప్ షాపుకి మోసుకెళ్లాను. అతను సంచి బోర్లించాడు. పైన మెరిసే నీళ్ల సీసాలు, వాటి కింద పెరుగు ప్యాకెట్లు, వాటికీ కింద సాంబారు కారిన కవర్లు. అడుగున ఏదో కదులుతోంది కూడా. అతను ముక్కు మూసుకోలేదు, అది అతని మర్యాద. సీసాలు ఒక పక్కకి కాలితో నెట్టి, "అక్కా, ఇవి ఇవ్వు. మిగతాది చెత్త, తీసుకుపో" అన్నాడు. నెల రోజుల శ్రమలో ముప్పాతిక వంతు అదే సంచిలో ఇంటికి తిరిగొచ్చింది.

ఆ రోజు అర్థమైంది ఇది: కడిగి ఆరబెట్టిన పాల ప్యాకెట్ సరుకు, కడగని పాల ప్యాకెట్ చెత్త. రెండింటికీ మధ్య తేడా సింకు దగ్గర పదిహేను సెకన్లు. ఆ పదిహేను సెకన్లు మనం పెట్టకపోతే తర్వాత ఎవరూ పెట్టరు. ప్రపంచం మొత్తం మీద 2015 వరకు పోగైన ప్లాస్టిక్ వ్యర్థాల్లో రీసైకిల్ అయింది దాదాపు 9 శాతమే. దానికి కారణాలు చాలా ఉన్నాయి కానీ, మన ఇంటి వరకు వచ్చే కారణం మాత్రం తడే.

కావలసినవి

- పాత బియ్యం సంచులు రెండు (25 కిలోలవి). ఇవీ ప్లాస్టిక్ అల్లికే, చిరిగాక ఇవీ స్క్రాప్‌కే వెళ్తాయి.
- ఒక చిన్న అట్టపెట్టె
- మూరెడు తీగ లేదా తాడు, ఐదారు బట్టల క్లిప్పులు
- కత్తెర
- పాత న్యూస్‌పేపర్లు
- ఎర్ర స్కెచ్ పెన్ను
- ఇంట్లో ఇన్సులిన్ వేసుకునేవాళ్లుంటే, మూత గట్టిగా పట్టే మందపాటి ప్లాస్టిక్ సీసా ఒకటి

కొనాల్సింది ఏమీ లేదు. ఆన్‌లైన్‌లో మూడు రంగుల డబ్బాల సెట్ చూసి ఆర్డర్ పెట్టకండి. చెత్త తగ్గించడానికి ఇంకో మూడు కిలోల ప్లాస్టిక్ కొనడం ఏం లెక్క?

1. ముందు ఒక వారం ఊరికే చూడండి

మొదటి వారం ఏమీ మార్చకండి. వంటింట్లో వచ్చే ప్రతి ప్లాస్టిక్ వస్తువునీ ఒకే సంచిలో వేయండి, తడివి మాత్రం ఒకసారి నీళ్లలో జాడించి వేయండి. ఆదివారం పేపరు పరిచి దాని మీద బోర్లించండి.

మా ఇంట్లో ఏమొచ్చాయో చెబుతాను: పాల ప్యాకెట్లు పద్నాలుగు, పెరుగువి మూడు, కర్రీ పాయింట్ కవర్లు తొమ్మిది, చిప్స్, బిస్కెట్ల రేపర్లు ఇరవై దాకా, షాంపూ సాచెట్లు, ఒక నూనె ప్యాకెట్, రెండు నీళ్ల సీసాలు, ఆన్‌లైన్ పార్శిల్ కవర్లు. నేను అసలు సమస్య నీళ్ల సీసాలనుకుంటూ వచ్చాను. తీరా చూస్తే మాది కర్రీ పాయింట్ సమస్య. మీది ఇంకేదో అవుతుంది. ఈ వారం చూడకుండా నేరుగా వేరు చేయడం మొదలుపెట్టినవాళ్లు సాధారణంగా నెల తిరక్కుండానే మానేస్తారు, ఎందుకంటే ఎక్కడ బరువు తగ్గించుకోవాలో వాళ్లకి తెలియదు.

2. మూడు కుప్పలు చేయండి

ఎన్ని రకాల ప్లాస్టిక్‌లున్నాయో బట్టీపట్టనక్కర్లేదు. ఇంటికి మూడు కుప్పలు చాలు.

మొదటిది, అమ్ముడయ్యేవి: నీళ్ల, కూల్‌డ్రింక్ సీసాలు, షాంపూ, ఫినాయిల్, డిటర్జెంట్ డబ్బాలు, పాల, పెరుగు ప్యాకెట్లు, మందపాటి కవర్లు, హోటల్ పార్శిల్ డబ్బాలు, విరిగిన కుర్చీ, పగిలిన బకెట్, మగ్గు, చీపురు పిడి. ఇవి బియ్యం సంచిలోకి.

రెండోది, సాధారణంగా ఎవరూ కొననివి: చిప్స్, బిస్కెట్, చాక్లెట్ రేపర్లు; సాచెట్లు; మాత్రల స్ట్రిప్పులు; టూత్‌పేస్ట్ ట్యూబులు; థర్మోకోల్; పేపర్ కప్పులు. అవును, పేపర్ కప్పులు కూడా. లోపల సన్నటి ప్లాస్టిక్ పొర లేకపోతే టీ మీ చేతి మీదే ఉండేది. ఇవి అట్టపెట్టెలోకి.

మూడోది, ఎవరి చేతికీ నేరుగా తగలకూడనివి: శానిటరీ ప్యాడ్లు, డైపర్లు, సూదులు, పురుగుమందు డబ్బాలు. ప్యాడ్లు, డైపర్లు న్యూస్‌పేపరులో చుట్టి, పైన ఎర్ర పెన్నుతో ఇంటూ గుర్తు పెట్టండి. సూదులు మందపాటి సీసాలో వేసి మూత బిగించి, అది నిండాక "సూదులు" అని రాసి విడిగా ఇవ్వండి. చెత్త ఏరేవాళ్ల చేతులకి గ్లౌజులు ఉంటాయని అనుకోకండి. మన పొడి సంచిలో చెయ్యి పెట్టేది వాళ్లే.

పాత చార్జర్లు, వైర్లు, బ్యాటరీలు ఈ మూడింటిలో దేనిలోనూ వేయొద్దు. అవి ఈ-వేస్ట్, దాని దారి వేరు.

3. కడగండి, కానీ కొత్త నీళ్లతో కాదు

"ప్లాస్టిక్ కడగడానికి ఇన్ని నీళ్లు పోస్తే అది మాత్రం నష్టం కాదా?" అని అడుగుతారు. నష్టమే. అందుకే కుళాయి తిప్పొద్దు. బియ్యం కడిగిన నీళ్లు, గిన్నెలు తోమాక చివర జాడించిన నీళ్లు ఒక బేసిన్‌లో పట్టుకోండి. రోజు మొత్తానికి అవే చాలు.

పాల ప్యాకెట్: మూల కత్తిరించేటప్పుడు ముక్క పూర్తిగా ఊడిపోనివ్వకండి. ఇంత తోక మిగిల్చి, దానికే వేలాడనివ్వండి. గోరంత ముక్కే కదా అనిపిస్తుంది. రోజుకి రెండు ప్యాకెట్ల లెక్కన ఏడాదికి ఏడు వందల పైచిలుకు ముక్కలు, అన్నీ సింకు జాలీలోకో, కాలవలోకో. అంత చిన్నదాన్ని తర్వాత ఎవరూ ఏరలేరు. పాలు పోశాక ప్యాకెట్‌లో అర గ్లాసు నీళ్లు పోసి ఊపి, ఆ నీళ్లు పాలలోనే కలిపేయండి. మన అమ్మలు చేసేదే, వాళ్లు పాలు వృథా కాకూడదని చేసేవాళ్లు. తర్వాత ప్యాకెట్ పై అంచు పొడవునా కత్తిరించి నోరు పూర్తిగా తెరవండి. బేసిన్‌లో ఒకసారి ముంచి, దులిపి, తీగకి తలకిందులుగా క్లిప్ పెట్టండి. చిన్న మూల రంధ్రంతోనే వదిలేస్తే లోపల తేమ వారమైనా ఆరదు. ఎక్కువమంది చేసే పొరపాటు ఇదే.

పెరుగు ప్యాకెట్: నీళ్లు పోసి ఊపితే పల్చటి మజ్జిగ వస్తుంది. అది కరివేపాకు చెట్టుకి. తర్వాత పాల ప్యాకెట్‌లాగే.

ఇడ్లీ, దోశ పిండి ప్యాకెట్: పిండి ఎండితే గోడకి సున్నంలా పట్టుకుంటుంది. వాడిన వెంటనే జాడించండి, రేపటికి వాయిదా వేస్తే గోళ్లతో గీకాలి.

నూనె ప్యాకెట్: గిన్నెలోకి రాత్రంతా బోర్లించి వేలాడదీయండి. ఒక చెంచా నూనె ఊరికే దొరుకుతుంది. ఉదయం చీల్చి, లోపల కాస్త శనగపిండి చల్లి న్యూస్‌పేపర్‌తో తుడవండి. జిడ్డు పోతేనే సంచిలో వేయండి. కొన్ని షాపుల్లో నూనె ప్యాకెట్లు అసలే తీసుకోరు, అడిగి చూడండి.

చికెన్, చేపల కవర్లు: కడగగలిగితే సబ్బు నీళ్లతో కడగండి. లేకపోతే రెండో ఆలోచన లేకుండా చెత్తలో పడేయండి. ఒక్క రక్తపు కవరు సంచి మొత్తాన్ని కుళ్లబెడుతుంది. దీనికి అసలు మందు 9వ మెట్టులో ఉంది.

ఎంత శుభ్రం చాలు? ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసన రాకూడదు, వేలితో రుద్దితే జిడ్డు తగలకూడదు. అంతే. అద్దంలా మెరవక్కర్లేదు.

4. ఆరబెట్టండి

ఎండలో రెండు గంటలు, నీడలో ఒక రాత్రి. వానాకాలంలో వంటింటి కిటికీ పక్కన తాడు కట్టండి, లేదా ఫ్యాన్ కింద పాత పేపరు మీద పరవండి. మేడ మీద ఆరేస్తే క్లిప్పులు తప్పనిసరి. ఒకసారి గాలికి మా ప్యాకెట్లు నాలుగిళ్ల అవతల వేపచెట్టు ఎక్కాయి, దించడానికి కర్ర పట్టుకుని ఊరేగాల్సి వచ్చింది.

"పైపైన ఆరింది కదా" అని సంచిలో వేస్తే మూడో రోజుకి ముక్కిన వాసన వస్తుంది. రెండు పొరల మధ్య వేలు పెట్టి చూసి వేయండి.

5. రకం గుర్తుపట్టడం

డబ్బా అడుగున మూడు బాణాల త్రికోణం, మధ్యలో 1 నుంచి 7 వరకు ఒక అంకె ఉంటుంది. మొదట ఒక అపోహ తీసేద్దాం: ఆ గుర్తుంటే రీసైకిల్ అవుతుందని అర్థం కాదు. అది ఏ ప్లాస్టిక్‌తో చేశారో చెప్పే అంకె మాత్రమే.

1 అంటే పెట్: నీళ్ల సీసాలు. 2 అంటే హెచ్‌డీపీఈ: షాంపూ, ఫినాయిల్ డబ్బాలు. 3 పీవీసీ: పైపులు. 4 ఎల్‌డీపీఈ: పాల ప్యాకెట్లు, మెత్తటి కవర్లు. 5 పీపీ: పార్శిల్ డబ్బాలు, కుర్చీలు, మూతలు. 6 పాలీస్టైరీన్: థర్మోకోల్, పెళుసు స్పూన్లు. 7 అంటే మిగతావన్నీ. 1, 2, 4, 5 సాధారణంగా అమ్ముడవుతాయి. 3 కొందరే కొంటారు. 6, 7 మీద ఆశ పెట్టుకోకండి.

అంకె అరిగిపోయిందా? నీళ్ల పరీక్ష చేయండి. గోరంత ముక్క కత్తిరించి గ్లాసు నీళ్లలో వేయండి. నీళ్లలో ముందే ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ కలపండి, లేకపోతే గాలి బుడగలు పట్టుకుని మునిగేది కూడా తేలుతుంది. ముక్కని వేలితో అడుగుకి నొక్కి వదలండి. తేలితే 2, 4, 5లో ఒకటి (థర్మోకోల్ మాత్రం 6 అయినా తేలుతుంది). మునిగితే 1, 3, 6లో ఒకటి. చౌక కుర్చీలు, బకెట్లలో సున్నపురాయి పొడి బాగా కలుపుతారు కాబట్టి అవి 5 అయినా మునగొచ్చు, కంగారు పడకండి.

పెట్ సీసానీ పీవీసీ సీసానీ మాత్రం కలపకండి. రెండూ అద్దంలా ఉంటాయి, రెండూ మునుగుతాయి. కానీ పెట్‌ను కరిగించేటప్పుడు కాస్త పీవీసీ కలిసినా దాన్నుంచి ఆమ్లం పుట్టి సరుకంతా చెడుతుంది. సీసా అడుగు చూడండి: నట్టనడుమ బొడిపెలాంటి చుక్క ఉంటే పెట్, అడ్డంగా అతుకు గీత ఉంటే పెట్ కాదు.

మా స్క్రాప్ షాపతనికి ఇవేవీ అక్కర్లేదు. ముక్క తీసుకుని వంచుతాడు, గోటితో గీరుతాడు, సిమెంటు గచ్చు మీద పడేసి చప్పుడు వింటాడు. టక్‌మని గాజులా మోగితే ఒక పక్కకి, మెత్తగా దబ్‌మంటే ఇంకో పక్కకి. నేను గ్లాసులో నీళ్లు పోసి చూసేలోగా అతను అర సంచి వేరు చేసేశాడు. మీకు అంత అలవాటు వచ్చేదాకా అంకెలు చూసుకోండి.

6. నలిపి దాచండి

సీసాలు నిలువునా తొక్కి, గాలి పోయాక మూత బిగించండి. మూత వేరే రకం ప్లాస్టిక్ అయినా ఫర్వాలేదు, ఫ్యాక్టరీలో కడిగే తొట్టెలో మూత ముక్కలు పైకి తేలిపోతాయి, పెట్ అడుగుకి దిగుతుంది. సీసాకి ఒళ్లంతా పట్టిన ప్లాస్టిక్ తొడుగు ఉంటే మాత్రం కత్తెరతో చీల్చి తీసేయండి. పాల ప్యాకెట్లు ఇరవై ఇరవై మడిచి ఒక పెద్ద ప్యాకెట్‌లో కూరండి. పార్శిల్ డబ్బాలు ఒకదాంట్లో ఒకటి పెట్టండి.

సంచిని సింకు కింద పెట్టకండి. అక్కడ తేమ, దాని వెంట బొద్దింకలు. బాల్కనీ మూల, లేదా పాత సామాన్ల అటక. చీమలు పడుతున్నాయంటే లోపల ఏదో తీపిది కడగకుండా వెళ్లిందని. కూల్‌డ్రింక్ సీసా అయి ఉంటుంది, వెతికి తీయండి.

7. ఎవరికివ్వాలో ముందే మాట్లాడుకోండి

సంచి నిండాక వెతుక్కోవడం కాదు, మొదటి వారమే దగ్గర్లోని స్క్రాప్ షాపుకి వట్టి చేతులతో వెళ్లి మూడు మాటలు అడగండి. ఏవి కొంటారు? ఏవి డబ్బులివ్వకపోయినా తీసుకుంటారు? కలిపి తెస్తే ఎంత, వేరు చేసి తెస్తే ఎంత? మూడో ప్రశ్నకి జవాబు వింటే ఎందుకు వేరు చేయాలో ఇంకెవరూ చెప్పక్కర్లేదు. అన్నీ కలిపితే అన్నిటికంటే తక్కువ రకం రేటు కడతారు.

రేట్లు ఇక్కడ రాయడం లేదు. ఊరికో తీరు, నెలకో తీరు. ముడిచమురు ధర పడిందంటే కొత్త ప్లాస్టిక్ చౌకవుతుంది, దాంతో పాతదాని గిరాకీ కూడా పడిపోతుంది. పైగా డబ్బు కోసం మొదలుపెడితే నిరాశే. మా ఇంట్లో నెల పాల ప్యాకెట్లు, అరవై, తూకం వేస్తే నూట యాభై గ్రాములు అటూ ఇటూగా వచ్చాయి. కిలో కావాలంటే ఆరేడు నెలలు. మా ఇంట్లో ఆ డబ్బులు పనమ్మాయికే ఇచ్చేస్తాం. లెక్కలో పడేవి పాత కుర్చీలు, బకెట్లు, డబ్బాలు.

అమ్మే ఓపిక లేదా? చెత్త ఆటో వాళ్లకి విడిగా ఇవ్వండి. పొడి సరుకు అమ్మితే వచ్చే డబ్బు వాళ్లలో చాలామందికి జీతం మీద నాలుగు రాళ్లు. కానీ సంచి చేతికిస్తూ "అన్నా, ఇది కడిగిన ప్లాస్టిక్" అని నోటితో చెప్పండి. చెప్పకపోతే అదీ వెళ్లి తడి చెత్త మీదే పడుతుంది, అక్కణ్నుంచి హైదరాబాద్ అయితే డంపింగ్ యార్డు ఉన్న జవహర్‌నగర్‌కి. "వాళ్లు ఎలాగూ అన్నీ కలిపేస్తారు కదా" అనేవాళ్లు ఈ ఒక్క వాక్యం వారం రోజులు చెప్పి చూడండి. మా ఆటో అతను ఇప్పుడు తడి డబ్బా తీసుకునే ముందే "పొడిది లేదా మేడమ్?" అని అడుగుతున్నాడు.

పల్లెటూళ్లలో ఉంటే: తెలంగాణలో పంచాయతీ ట్రాక్టర్, ఆంధ్రలో చెత్త నుంచి సంపద కేంద్రం. కొన్ని చోట్ల షెడ్డుకి తాళమే కనిపిస్తుంది, అదీ నిజమే. అప్పుడు సైకిల్ మీదో, ఆటో మీదో మైకు పెట్టుకుని "పాత సామాన్లు కొంటాం" అంటూ వచ్చే అతన్ని పట్టుకోండి. నాలుగిళ్ల వాళ్లు కలిసి ఒకచోట పోగుచేస్తే అతనికీ తిరిగే ఖర్చు గిట్టుతుంది.

అమెరికా నుంచి అడిగిన మా పెద్దమ్మ కొడుక్కి: అక్కడ చాలా ఊళ్లలో ఇంటి ముందు రీసైక్లింగ్ డబ్బాలో మెత్తటి కవర్లు వేయకూడదు, వేరు చేసే యంత్రాలకి చుట్టుకుపోతాయి. మీ ఊరి జాబితా చూసుకో. ఏదో ఒకటి అవుతుందిలే అని అన్నీ అందులో పడేయడం ఇక్కడైనా అక్కడైనా ఒకే తప్పు.

8. ఎవరూ కొనని పెట్టె సంగతి

ముందు ఏం చేయకూడదో: కాల్చకండి. నీళ్లు కాచే పొయ్యి రాజేయడానికి కవరు ముక్క అంటించడం మా అమ్మమ్మగారింట్లో మామూలు. కిరోసిన్ దొరకడం మానేశాక చాలా ఇళ్లలో అదే అగ్గిపుల్లకి తోడు. ఆ పొగలోకి ముందుగా ముక్కు పెట్టేది పొయ్యి ఊదే మనిషి. పీవీసీ అయితే హైడ్రోక్లోరిక్ ఆమ్లపు పొగ, డయాక్సిన్లనే విషాలు వస్తాయి. కొబ్బరి పీచు, ఎండు తాటాకు పెట్టండి. బహిరంగంగా చెత్త కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 కట్టాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులోనే చెప్పింది.

మిగిలిన అన్నం, కూరలు కవర్లో ముడివేసి రోడ్డు పక్కన పెట్టకండి. ఆవుకి ముడి విప్పుకునే చేతులు లేవు, కవరుతో సహా మింగుతుంది, అది కడుపులోనే ఉండిపోతుంది.

ఇక చేయగలిగింది: రేపర్లు దులిపి, పొడిగా, విడిగా చెత్త ఆటోకి ఇవ్వండి. పొడిగా చేరినవాటిని సిమెంటు ఫ్యాక్టరీల బట్టీల్లో బొగ్గుతో పాటు మండిస్తారు. అది రీసైక్లింగ్ కాదు, కానీ కాలవలో పడటం కంటే మేలు. పైపొర అల్యూమినియం రేకా, మెరుపు పూసిన ప్లాస్టికా తెలియకపోతే గుప్పిట్లో నలిపి వదలండి. నలిగినట్టే ఉండిపోతే రేకు, మళ్లీ విచ్చుకుంటే ప్లాస్టిక్.

నీళ్ల సీసాల్లో రేపర్లు కుక్కి ఇటుకలు చేయమని వీడియోలు వస్తుంటాయి. నాకు అది నచ్చదు. అమ్ముడయ్యే ఒక మంచి సీసాని, అమ్ముడవని చెత్తతో కలిపి రెండింటినీ పనికిరాకుండా చేయడం అది. స్కూలు వాళ్లు "వేస్ట్‌తో క్రాఫ్ట్" అని చెప్పి పిల్లలచేత కొత్త థర్మోకోల్ షీట్ కొనిపించడం గురించి మాట్లాడితే నాకు బీపీ పెరుగుతుంది, వదిలేస్తాను.

9. లోపలికి రాకుండా ఆపేవి

మొదటి వారం కుప్ప గుర్తుందిగా. అందులో ఎక్కువ ఉన్నది ఏదో దాన్ని ఒక్కదాన్నే పట్టుకోండి. అన్నీ ఒకేసారి మార్చాలనుకుంటే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

మాకు కర్రీ పాయింట్ కదా. పప్పు, సాంబారు, వేపుడు, పెరుగుపచ్చడి, నాలుగింటికి నాలుగు కవర్లు, వాటన్నిటికీ కలిపి ఒక చేతి కవరు. పొగలు కక్కే సాంబారు పల్చటి కవర్లో పోసి దారంతో చుట్టి ఇస్తారు, ఇంటికొచ్చి మూల కొరికి గిన్నెలో వంపుతాం. అది కడగడం ఎవరి తరమూ కాదు. స్టీలు క్యారియర్ తీసుకెళ్లడం మొదలుపెట్టాను. మొదటి రోజు కౌంటర్ దగ్గర కుర్రాడు "కొలత ఎలా తెలుస్తుంది ఆంటీ?" అన్నాడు. ముందే కట్టి పెట్టిన కవరు పక్కన నా గిన్నె పెట్టి అంతే పోయమన్నాను. ఇప్పుడు గరిటె లెక్క కుదిరింది, కొసరు కూడా వేస్తున్నాడు. రద్దీ వేళలో కాకుండా పావుగంట ముందు వెళ్లండి, లేకపోతే వెనక నిలబడ్డవాళ్లు విసుక్కుంటారు.

చికెన్ షాపుకి మూత ఉన్న స్టీలు డబ్బా. డబ్బా తూకం ముందు వేయించుకోవడం మర్చిపోకండి. షాంపూ సాచెట్ల బదులు డబ్బా. ఊళ్లకి వెళ్లేటప్పుడు నీళ్ల సీసా. బండి డిక్కీలో ఒక గుడ్డ సంచి ఎప్పుడూ ఉండాలి. ఇంట్లో మేకుకి వేలాడే పది సంచుల కంటే డిక్కీలో ఒక్కటి నయం.

గుడ్డ సంచి అనుకుని చాలామంది మోసపోయేది ఒకటుంది. బట్టల షాపుల్లో ఇచ్చే రంగురంగుల సంచులు, చిన్న చిన్న చుక్కల అచ్చుతో ఉంటాయి చూడండి, అవి గుడ్డ కావు. పాలీప్రొపిలీన్, అంటే 5 నంబరు ప్లాస్టిక్. అంచు దగ్గర దారం లాగి చూడండి. పోగు వస్తే గుడ్డ, పీచులా చిరిగితే ప్లాస్టిక్. పారేయకండి, చిరిగేదాకా వాడండి. తడి చెత్త గుంతలో మాత్రం వేయొద్దు.

కవర్ల మందం విషయం: 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కంటే పల్చటి చేతి కవర్లు అమ్మకూడదు, ఇవ్వకూడదు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). కొలవడం ఎలా? జిరాక్స్ కాగితం ఒకటి దాదాపు 100 మైక్రాన్లుంటుంది. కవరు ఒక పొరని, ఆ కాగితాన్ని రెండు వేళ్ల మధ్య పట్టుకుని చూడండి. కాగితం కంటే పల్చగా తగిలితే అది నిషేధం ఉన్న కవరే. స్ట్రాలు, ప్లాస్టిక్ స్పూన్లు, ప్లేట్లు, గ్లాసులు, అలంకరణ థర్మోకోల్ వంటివి 2022 జూలై 1 నుంచే నిషేధం. ఇంట్లో ఫంక్షన్ పెట్టుకుంటే క్యాటరింగ్ అతనికి అడ్వాన్స్ ఇచ్చే రోజే స్టీలు గ్లాసులని చెప్పండి. వంట రోజు చెబితే అప్పటికే పెట్టెలు దిగి ఉంటాయి.

"కంపోస్టబుల్" అని రాసిన కవర్లు: ఇంటి కుండీలో అవి త్వరగా మట్టి కావు, వాటికి పెద్ద కంపోస్ట్ యూనిట్ల వేడి కావాలి. అమ్మే ప్లాస్టిక్‌లో కలిపితే దాన్నీ పాడుచేస్తాయి. అవి రెండో కుప్పలోకే.

10. సరిగ్గా జరుగుతోందా, చూసుకోండి

వాసన పరీక్ష: బియ్యం సంచి మూతి కట్టి మూడు రోజులు వదిలేయండి. నాలుగో రోజు విప్పి మొహం దగ్గర పెట్టండి. ఏ వాసనా లేకపోతే పాసు. పుల్లగా వస్తే పెరుగు ప్యాకెట్, ముక్కినట్టు వస్తే ఆరనిది, నీచు వస్తే మీకు తెలుసు.

షాపు పరీక్ష: మొదటిసారి ఇచ్చినప్పుడు షాపతను ఏం పక్కన పెట్టాడో ఫోన్‌లో ఫోటో తీసుకోండి. తర్వాతి నెల అవి సంచిలో ఉండకూడదు. నాకు రెండోసారి ఏడు వస్తువులు వెనక్కి వచ్చాయి, మూడోసారి రెండు: ఒక పాత సీడీ డబ్బా, ఒక థర్మోకోల్ గిన్నె.

పెట్టె పరీక్ష: కొనని పెట్టె నెలకి ఎన్నిసార్లు నిండుతోంది? అమ్ముడయ్యే సంచి పెరిగినా తరిగినా పట్టించుకోకండి, ఈ పెట్టె తగ్గితేనే లెక్క. రెండు నెలలైనా తగ్గలేదంటే మళ్లీ 1వ మెట్టుకి వెళ్లి పేపరు పరవండి. మేం అలా పరిస్తే ఇరవై రేపర్లలో పదమూడు మా అబ్బాయి ట్యూషన్‌కి వెళ్లే దారిలో కొన్నవని తేలింది. వాడి జేబులోంచి తీసి ఆరబెట్టే పని ఇప్పుడు వాడిదే.